తడి గోనెలో చుట్టిన పుల్ల

అంట్లు కట్టే పెద్దిరాజు కత్తి తగిలితే మొక్కకు కూడా నొప్పి తెలియదట. ఆయన కోసిన జామకొమ్మ ఒకటి, తనను చెట్టు నుంచి వేరుచేశారన్న సంగతి తెలియక మర్నాడు నిక్షేపంగా పూత పూసిందట. కడియం నర్సరీల్లో ఈ మాట విననివాళ్లు లేరు. ఎందుకంటే ఆయనే అందరికీ చెప్పాడు.

అంతటి చేతికి ఆ మధ్యాహ్నం చిన్న పని పడింది. కూతురు దుర్గాశ్రీ పురిటికి వచ్చి, నెల తక్కువ పిల్లాణ్ణి కని, వెనక గదిలో ఉంది. పెద్దపిల్ల జోషితకు మూడో ఏడు నడుస్తోంది. దానికి జలుబు చేసి ఒళ్లు వెచ్చబడింది. కరోనా కాదని తేలితే తల్లి ఒళ్లోకి పంపొచ్చు, పసివాణ్ణి మాత్రం ముట్టుకోనివ్వొద్దు అని డాక్టరుగారు ఫోన్లో చెప్పారు. నిన్నటి నుంచి ఆ పిల్ల గది తలుపుకు చెంప ఆనించుకునే కూర్చుంటోంది.

మందులషాపు నుంచి కరోనా పరీక్ష కిట్లు రెండు తెప్పించారు. నర్సమ్మని పిలుద్దామని భార్య సూర్యకళ అంటే పెద్దిరాజు చిన్నబుచ్చుకున్నాడు. పిల్ల నిద్రలో ఉండగానే ముక్కులో పుల్ల తిప్పి తీస్తానని, దానికొచ్చే కల కూడా చెదరదని చెప్పాడు.

తిప్పడమైతే తిప్పాడు. పిల్ల లేచి వీధంతా వినబడేలా ఏడ్చింది. పోనీ పని అయిపోయిందిగదా అని ఆయన సంతోషించాడు. తర్వాత ఏం చెయ్యాలో కాగితంలో చదువుదామంటే కళ్లజోడు కనబడలేదు. వెతకబోయే ముందు, పాత అలవాటు కొద్దీ, చెయ్యి తనంతట తానే ఒక పని చేసేసింది. కోసిన కొమ్మ ఆరిపోతే అంటు అతకదు గదా. పుల్ల చివరకు తడి గోనెముక్క చుట్టి నీడన పెట్టేసింది.

సూర్యకళ వచ్చి ఆ గోనెముక్కను రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుంది.

"ఇది పిల్ల ముక్కులోదండీ. వేరు పోసుకుంటుందనుకున్నారా?"

తలుపు వెనక దుర్గాశ్రీ నవ్వింది. "ఇంక ఒక్క కిట్టే ఉంది నాన్నా," అనేసరికి ఆ నవ్వు సన్నబడిపోయింది.

పెద్దిరాజు ఏమీ నొచ్చుకోలేదు. జామకొమ్మ పూసిందన్నది వట్టిమాటేనని, తాను కట్టిన అంట్లలో సగం ఎండిపోయేవని, బతికినవన్నీ మీ అమ్మ కట్టినవేనని తలుపుకేసి తిరిగి హాయిగా ఒప్పేసుకున్నాడు.

ఇప్పుడు చిక్కల్లా జోషితతోనే. రెండు చేతులతో ముక్కు మూసుకుని, తాత ఎటు వస్తే అటు వీపు తిప్పుతోంది. అయితే ఏడుపు మానేసి, వేళ్ల సందుల్లోంచి కిట్టులోని చిన్న గొట్టాన్నీ, తెల్లబిళ్లనూ చూస్తోంది. పెద్దిరాజు ఆ చూపు కనిపెట్టాడు. మొక్కలు సర్దే ఖాళీ ట్రే తెచ్చి వాకిట్లో పెట్టాడు. లారీ బయల్దేరుతోందని, ఒక్క మొక్క తక్కువైందని తనలో తాను గొణుక్కున్నాడు. జోషిత రోజూ చూసే సంబరమే అది. వచ్చి ట్రేలో నిలబడింది.

"ఏం మొక్కవే నువ్వు?"

"మందారం."

"మందారాలు ముక్కు మూసుకోవమ్మా. కొమ్మలు పైకి."

చేతులు రెండూ పైకి లేచాయి.

"లారీ ఎక్కే మొక్కకి పురుగుందేమో చూడాలి. కదిలితే పురుగు దాక్కుంటుంది."

"నాకూ చూపిత్తావా?"

"నీకే ముందు."

పుల్ల ఒకవైపు తిరిగింది, రెండోవైపూ తిరిగింది. మందారం కళ్లు గట్టిగా మూసుకుంది గాని కొమ్మలు దించలేదు. పుల్ల బయటికి రాగానే తుమ్మింది. ఆ తుమ్ముకు వాకిట్లో గింజలేరుకుంటున్న కోడి ఎగిరి చూరు మీద పడింది.

ఈసారి సూర్యకళ గొట్టం పట్టుకుని సిద్ధంగా ఉంది. పుల్లను అందులో ముంచి తిప్పి, బిళ్ల మీద చుక్కలు వేసింది. ఒక గీత వస్తే లేనట్టు, రెండొస్తే ఉన్నట్టు అని చెప్పింది. తాతా మనవరాలూ నేల మీద బోర్లా పడుకుని, తెల్లబిళ్ల మీద తడి పాకడం చూశారు. ఒక గీత ఎర్రగా తేలింది. రెండోది రావలసిన చోట పెద్దిరాజు చూపు ఆగిపోయింది. పురుగేదని జోషిత రెండుసార్లు అడిగింది.

కాగితంలో రాసిన టైము దాటాక సూర్యకళ, "లేదు," అంది.

పురుగు లేదన్నందుకు జోషిత కాస్త డీలాపడింది. అంతలో తలుపు గడియ చప్పుడైంది. దుర్గాశ్రీ గడప దాటి వచ్చి కూర్చునేలోపే పిల్ల ఆవిడ ఒళ్లో ఉంది. తల్లి కొంగుతో ముక్కు తుడవబోతే చెయ్యి అడ్డం పెట్టలేదు.

ఇదంతా జరిగిందే. కోడి సంగతి ఒక్కటే నేను పెట్టాను. ఆ ఇంట్లో కోళ్లు లేవు.