ఆదివారం నీళ్ళు మోసిన గొట్టం

నేను ఒక ప్లాస్టిక్ గొట్టాన్ని. రెండు బారల పొడవు, వేలంత లావు, ఇటు నుంచి చూస్తే అటుది కనిపించే ఒళ్ళు. ఇంతోటి దానికి ఆత్మకథ కూడానా అనుకుంటున్నారేమో. అనుకోండి, నేను మాత్రం చెప్పక మానను.

ఫ్యాక్టరీలో వేడివేడిగా పుట్టి, చుట్టలు చుట్టించుకుని కాకినాడ చేరాను. తాపీమేస్త్రి నూకరాజు నన్ను కొన్నాడు. నా నిండా నీళ్ళు పోసి, ఈ గోడకొక కొస, ఆ గోడకొక కొస పట్టి మట్టం చూసేవాడు. ఎన్ని ఇళ్ళు నా మాట మీద లేచాయో! భానోజీరావు గారి ఇల్లు కట్టినప్పుడు, ఆయన అడిగాడని నాలోంచి ఓ ముక్క కోసి ఇచ్చేశాడు. ఆ ముక్కే ఈ నేను.

భానోజీరావు పోర్టులో గుమాస్తా. హాల్లో గాజుతొట్టె పెట్టి సముద్రపు చేపల్ని పెంచుతాడు. మంచినీళ్ళలో బతికే రకాలు ఆయన కంటికి ఆనవు. ప్రతి ఆదివారం పొద్దున్నే బకెట్టులో నీళ్ళు పట్టి, సముద్రపు ఉప్పు కలిపి, గాజుకడ్డీ తేల్చి, అది ఎంత పైకి తేలితే అంత ఉప్పని కొలిచేవాడు. అప్పుడు నా ఒక కొస తొట్టెలో ముంచి, రెండోది నోట్లో పెట్టుకుని పీల్చేవాడు. పాతనీళ్ళు నాలోంచి దిగిపోయాక, బకెట్టులోవి పోసేవాడు. అంత శ్రద్ధగా అభిషేకం కూడా ఎవరూ చెయ్యరు. చేపలు మాత్రం బతికేవి కావు.

మూడేళ్ళలో నాలుగు జతలు పోయాయి. ఐదో జత నారింజ రంగు మీద తెల్ల పట్టీలవి. వాటిని తెచ్చిన రోజే ఆయన భార్య రత్నమాణిక్యం తేల్చి చెప్పేసింది.

"ఇవి కూడా పోయాయంటే ఆ తొట్టె తీసేద్దాం. మల్లెపాదులో చేపల్ని పూడ్చడం ఇక నావల్ల కాదండీ."

ఆయన తలూపాడు. పాపం, ఆయనకున్న ఒక్క ముచ్చటా అదే.

ఆర్నెల్లకి అవీ మేత మానేసి ఓ మూల నక్కాయి. ఆ ఆదివారమే ఆయనకి నడుం పట్టేసింది. నీళ్ళు మార్చమని మంచం మీంచే పెళ్ళాన్ని బతిమాలుకున్నాడు. ఎంగిలంటే ఆమడ దూరం పోయే మాణిక్యం నన్ను మూడుసార్లు కడిగి, కళ్ళు మూసుకుని నోట్లో పెట్టుకుంది. అలవాటు లేక, పీల్చిన నీళ్ళన్నీ నోట్లోకే వచ్చాయి.

ఉమ్మేసి, నాలిక చప్పరించి చూసుకుంది. తర్వాత బకెట్టులో వేలు ముంచి నాలిక్కి రాసుకుంది.

"ఏవండీ, తొట్టెలో ఉప్పెక్కువైంది. బకెట్టులో అంత లేదు."

"కొలిచే కదా కలిపేది?"

"బకెట్టుని కొలుస్తారు. తొట్టెనెప్పుడైనా కొలిచారా? రోజూ గాలికి ఆరిపోయి తగ్గిన నీళ్ళకి బదులు ఏం పోస్తున్నారు?"

"ఉప్పునీళ్ళే."

"పులుసు మరిగితే నీళ్ళు పోతాయి గానీ ఉప్పు పోతుందా? అందులో మళ్ళీ పులుసే పోస్తే నోట్లో పెట్టుకోగలమా?"

ఆవిడ గాజుకడ్డీని తొట్టెలో వేస్తే గీత దాటి పైకి లేచింది. మూడున్నరేళ్ళుగా ఆ మహానుభావుడికి ఆ పని చెయ్యాలని తోచలేదు. ప్రతి వారం ఆ నీళ్ళు మోసిన నాకూ తోచలేదు లెండి.

వారం పాటు రోజూ కాసిని ఉప్పునీళ్ళు తీసి, ఆ మేరకు మంచినీళ్ళు పోసింది మాణిక్యం. ఎనిమిదో రోజున ఓ చేప పైకొచ్చి మేత అందుకుంది. కాసేపటికి రెండోదీ వచ్చింది. ఆవిడ అక్కడే కూలబడి ఏడ్చేసింది. నాకూ ప్రాణం లేచొచ్చింది.

నాలుగేళ్ళయింది. చేపలు నిక్షేపంలా ఉన్నాయి. నేనే పసుపెక్కి బిరుసెక్కాను. మొన్న ఆయన చేత్తో నొక్కే కొత్త పంపు తెచ్చుకుని, నన్ను చెత్తబుట్టలో వెయ్యబోయాడు. మాణిక్యం లాక్కుంది.

"దీన్ని పారేస్తారా? ఆ రెండు ప్రాణాలూ దీనివల్లే కదండీ నిలిచాయి."

నన్ను తొట్టె పక్కన మేకుకి తగిలించింది. రోజూ తుడుస్తుంది.

నిజానికి ఆ ప్రాణాలు నిలబెట్టింది ఆవిడ నాలుక. నేను నీళ్ళు మోశానంతే, నాలుగు జతలు పోయినప్పుడూ అలాగే మోశాను. అది చెప్పుకోవడానికి నాకు నోరు లేదు, దణ్ణం పెడదామంటే చేతుల్లేవు. ఆ తల్లి తుడుస్తుంటే, తుడిపించుకుంటున్నాను.