నోటికి రాని ఆమేన్

పట్టపగలు, మా కళ్ళముందే మిల్కా పొలం హద్దురాయి పెకలించారు. యవల కోత జోరు మీదుంది. కొడవళ్ళు మా చేతుల్లోనే ఉన్నాయి. రాజుగారి దివాను అజ్రీకాము గాడిద మీద కూర్చుని చెయ్యి చూపిస్తుంటే, అతని మనుషులు ఆ రాయిని దొర్లించుకుపోయి మిల్కా కళ్ళం అంచున పాతారు. మొగుడు పోయిన ఆ మనిషికి కళ్ళం మిగిలింది, చేను పోయింది. మేమేం చేశామంటారా? ఇంకాస్త వంగి శ్రద్ధగా కోత కోశాం.

సాయంత్రం ఊరి గుమ్మం దగ్గర పెద్దలు, దివాను కూర్చుని ఉండగా జక్కూరు వచ్చాడు. గొర్రెల బొచ్చు కత్తిరించి బతికే మనిషి. దేవుని మాట మీదికొస్తే ఎవర్నీ లెక్కచెయ్యడు. ప్రవక్త అనేవాళ్ళం, సగం భయంగా, సగం ఎగతాళిగా.

"పొరుగువాడి హద్దురాయి జరిపినవాడికి శాపం తగులుగాక" అని అరిచి ఆగాడు.

ఎందుకు ఆగాడో మాకందరికీ తెలుసు. ఏటా పండగనాడు యాజకుడు ఈ శాపం చదివి ఆగితే, ఊరంతా గొంతు చించుకుని "ఆమేన్" అంటాం. అన్నాకే అది శాపమవుతుంది. ఆ రోజు అనడానికేం, ఎవడి పేరూ ఉండదుగా. ఈ రోజు ఆ పేరు గలవాడు మా ఎదురుగా కూర్చుని దానిమ్మ గింజలు నములుతున్నాడు.

"ఏమర్రా, వినబళ్ళేదా?" అన్నాడు జక్కూరు.

పెద్దలు గడ్డాలు నిమురుకున్నారు. నేను వంగి చెప్పు పట్టీ సర్దుకున్నాను.

"పాపం, చెవిటి ఊళ్ళో కూశావయ్యా" అని దివాను నవ్వాడు.

జక్కూరు కాళ్ళను గుమ్మం పక్కనే బొండలో, రెండు దుంగల మధ్య, బిగించారు. అయినా రోజూ పొద్దున్నే అదే మాట అరవడం, మా కోసం ఆగడం. మేం తల దించుకుని పోయేవాళ్ళం. ఆగినప్పుడల్లా భటులు మూతి మీద కొట్టేవారు. దెబ్బల చప్పుడు బావి దాకా వినబడేది.

ఒకనాడు నా నూనె గానుగ దగ్గర అందరం పోట్లాడుకున్నాం.

"ఆయనకేం, పెళ్ళామా పిల్లలా? మనం సంసారులం" అన్నాడు కుమ్మరి హోతాము.

"మనమేం చెయ్యగలం, చెప్పు" అన్నాను నేను.

మిల్కా గడపలోంచి అంతా వింది. "ఆయన మిమ్మల్ని కత్తి అడిగాడా, అన్నా? ఒక్క మాటడిగాడు. రేపు నగరానికి పట్టుకుపోతారట. మీరు హాయిగా నూనె తీసుకోండి" అని వెళ్ళిపోయింది. గానుగ కట్టె మళ్ళీ పట్టుకోవడానికి నాకు చేతులు రాలేదు.

తెల్లారేసరికి ఎవరూ పిలవకుండానే ఊరంతా గుమ్మం దగ్గరుంది. భటులు జక్కూరు చేతులు కట్టేశారు. ఆయన నోరు తెరిచాడు. పెదాలు వాచి పగిలిపోయాయి, గాలి తప్ప మాట రాలేదు. మా గొంతు కోసం ఆగి ఆగి ఆయన తన గొంతే పోగొట్టుకున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాం.

అప్పుడు మిల్కా ఆయన పక్కకెళ్ళి నిలబడింది. "పొరుగువాడి హద్దురాయి జరిపినవాడికి శాపం తగులుగాక" అని ఆగింది.

ముందు ఎవరన్నారో ఈనాటికీ తెలీదు. నేను మాత్రం కాదు. కానీ తర్వాతి ఊపిరిలో నేనూ ఉన్నాను, హోతామూ ఉన్నాడు, బావి నుంచి కుండలతో వచ్చిన ఆడవాళ్ళూ ఉన్నారు. "ఆమేన్."

పెద్దల మధ్య కూర్చున్న దివాను అజ్రీకాము లేచి నిలబడ్డాడు. "ఎవడ్రా అది కూసింది?"

"ఆమేన్" అన్నాం మళ్ళీ.

జక్కూరు ఏడ్చాడు. అయినా ఈడ్చుకుపోయారు. బల్లేలకు అడ్డంపడే ధైర్యం మాకింకా రాలేదు. నగరంలోనే ఏదో గోతిలో ఆయన ప్రాణం పోయిందని తర్వాత కబురొచ్చింది. అడిగిన మాట ముందే ఇచ్చి ఉంటే ఆయన బతికేవాడేమో. ఈ సిగ్గు మాతోనే ఉంటుంది, ఉండాలి కూడా.

ఆ పొద్దునే గుమ్మం దగ్గర్నుంచి తిన్నగా మిల్కా చేలోకి పోయాం. తలో చెయ్యి వేసి రాయిని వెనక్కి దొర్లించి పాతగుంటలోనే నిలబెట్టాం. మిల్కా దాని చుట్టూ మట్టి తొక్కింది.

చీకటి పడకముందే భటులు మళ్ళీ వచ్చారు. ఇల్లిల్లూ తలుపు తట్టారు.

"రాయి జరిపింది ఎవరు? ముందు ఆ మాటన్నది ఎవరు?"

హోతాము తలుపు తీసి ఆ మాటే చెప్పాడు. పక్కింటివాళ్ళూ అదే చెప్పారు. నా గుమ్మం ముందుకొచ్చి అడిగినప్పుడు నేను తలుపు బార్లా తెరిచాను.

"ఆమేన్" అన్నాను.