పుర్రచేతి నూలు

ఆ ఏడు నర్సీపట్నంలో విదేశీ బట్టలు తగలబెట్టారు. తగలబెట్టడం తేలికే, అగ్గిపెట్టె ఉంటే చాలు. తరవాత ఒంటిమీద ఏం వేసుకోవాలి, దాన్ని ఎవరు కుట్టాలి అన్నదే కష్టం. ఆ కష్టం తిన్నగా వచ్చి లోవలక్ష్మి అరుగు మీద కూర్చుంది.

లోవలక్ష్మి మొగుడు జ్వరంతో పోయాడు. అతను కొన్న చేతి కుట్టుమిషను ఒక్కటే ఆమెకు మిగిలింది. దాన్ని ఎత్తుకుని నర్సీపట్నంలో పుట్టింటికి వచ్చేసింది. రవికలు, లాగులు, దిండు గలీబులు కుట్టి తన తిండి తాను తింటోంది. అది ఎస్. రాయవరంలో ఉన్న మరిది చినబాబుకి కంట్లో నలుసైంది. "మిషను మా అన్నది, మాకు రావాల" అని కబురు మీద కబురు పంపేవాడు.

ఆమె అన్న మన్మథరావు కాంగ్రెసు కమిటీ మనిషి. ఊళ్లో జరగబోయే సభలో వాలంటీర్లందరికీ ఖద్దరు చొక్కాలు వేయిస్తానని మాటిచ్చాడు. అంతటితో ఊరుకోలేదు. కుట్టే దారం కూడా మన ఆడవాళ్లు రాట్నం మీద వడికినదే ఉంటుంది, సీమ దారం పోగు కూడా తగలదు అన్నాడు.

అప్పుడే చినబాబు ఊళ్లోకి వచ్చాడు. నవ్వాడు. "రాట్నం దారంతో మిషను నడుస్తాదేటి బావా? నడిస్తే ఇంకెప్పుడూ మిషను పేరెత్తను. నడవకపోతే మాకిచ్చేస్తావా?"

"నడవకపోతే సభ రోజున బండి తెచ్చి పట్టుకుపో" అన్నాడు మన్మథరావు.

చెల్లెల్ని అడగలేదు. మగవాళ్ల పౌరుషాలకి పందెం కాసేది ఎప్పుడూ ఆడవాళ్ల సొమ్మే.

లోవలక్ష్మి ఏడవలేదు, తిట్టింది. "నీ నోటికి తాళం ఎయ్యడానికి దేవుడికి తీరిక నేదు గావాల! మిషను పోతే నా తిండి నువ్వెడతావేటి? నీ పెళ్లాం ఎడతాదేటి?"

"కుట్టేస్తావు కదే."

"కుట్టేది నీ పౌరుషం కాదు, దారం."

తల్లి రామాయమ్మ దగ్గర వీధి వీధి నుంచి వచ్చిన నూలు చిలపలుగా చుట్టి ఉంది. కమిటీ తరపున నూలు పోగుచేసేది ఆవిడే. రెండేసి పోగులు కలిపి రాట్నం మీద పురిపెట్టి దారం చేసి ఇచ్చింది. లోవలక్ష్మి మిషనుకి ఎక్కించి చక్రం తిప్పింది. జానెడు కుట్టు సాగింది. అంతే. టక్కుమని ఆగిపోయింది. బట్టని లాగితే రాలేదు. తిరగేసి చూస్తే అడుగున పిచ్చిక గూడంత చిక్కు.

చిక్కు కోసేసింది. మళ్లీ మొదలెట్టింది. మళ్లీ గూడే.

ఆమె తెలియని మనిషి కాదు. బట్టని నొక్కే మిషను పాదం ఎత్తి, పై దారం తీసేసి మొదటి నుంచి ఎక్కించింది. అడుగు బాబిన్ విప్పి బిగువు సమంగా చుట్టింది. షటిల్ బయటికి తీసి, కోడి ఈకతో లోపలి దూదినుసి అంతా తుడిచింది. నూనె చుక్క వేసింది. సూది లావుది మార్చింది. కుట్టు మొదలెట్టేటప్పుడు రెండు దారాల కొసలూ వెనక్కి లాగి వేలితో పట్టుకుంది. ఇవన్నీ చేస్తే ఏ మిషనైనా దారికి రావాలి. ఇది రాలేదు. మిషనుదే తప్పేమోనని పాత సీమ దారం రీలు పెట్టి చింకిగుడ్డ మీద తిప్పి చూసింది. గలగల్లాడుతూ కుట్టేసింది!

"ఆ రీలు తీసేయే!" అన్నాడు మన్మథరావు గుమ్మంలోంచి.

"సూస్తన్నాను. సూడ్డానికి కూడా నీ కమిటీ తీర్మానం కావాలేటి?"

"మిషను మటుకు దొరల దేశం నుంచి రానేదేటిరా?" అంది రామాయమ్మ.

మన్మథరావు కండువా దులుపుకుని బయటికి వెళ్లిపోయాడు.

లోవలక్ష్మి రెండు దారాలూ పక్కపక్కన పట్టుకుంది. సీమ దారాన్ని వదులుగా వేలాడదీస్తే బుద్ధిగా వేలాడింది. ఇంటి దారాన్ని వదులు చేస్తే చాలు, పాములా మెలికలు తిరిగి తనని తానే చుట్టేసుకుంది. గుట్టు దొరికినట్టే ఉంది గానీ పూర్తిగా దొరకలేదు. సీమ దారం కొస విప్పింది. లోపలి పోగులు ఒకవైపు పురి తిరిగి ఉన్నాయి. వాటిని కలిపిన పురి రెండోవైపు తిరిగి ఉంది. ఒకదాన్ని ఒకటి పట్టి ఆపుతున్నాయన్నమాట. ఇంటి దారంలో రెండు పురులూ ఒకవైపే. పురి మీద పురి! మెలిక తిరగక ఏం చేస్తుంది?

"అమ్మా, నువ్వు పోగులు కలిపేటప్పుడు రాట్నం ఎటు తిప్పినావు?"

"ఎటేటే? కుడికే."

"వడికేటప్పుడు?"

"అదీ కుడికే. ఏ ఆడదైనా అంతే."

"ఈసారి కలిపేటప్పుడు ఎడమకి తిప్పు."

రామాయమ్మ లేచి నిలబడింది. "కాష్టం సుట్టూ తిరిగినట్టు ఎడమకి తిప్పమంటావా? ఆ దారంతో కుట్టిన సొక్కా తొడుక్కుని మీ అన్న పోలీసోళ్ల ముందర నిలబడాలా? నా పీక కోసినా తిప్పను."

అదీ సంగతి. ఊళ్లో ఏ ఇంట్లోనూ రాట్నం ఎడమకి తిరగదు. ఎడమకి తిరిగేది చావు దగ్గరే. ఆ భయం పోగులోకి ఎక్కి, దారంలోకి ఎక్కి, మిషనులో గూడు కట్టుకుంది. లోవలక్ష్మి తానే తిప్పబోతే తల్లి రాట్నానికి అడ్డం కూర్చుంది.

సభ రేపో ఎల్లుండో అన్నట్టుంది. చినబాబు బండి సిద్ధంగానే ఉంటుంది.

మధ్యాహ్నం మంత్రసాని అప్పయమ్మ అరుగు కిందకి వచ్చి నిలబడింది. ముసల్ది. పుర్రచేతి వాటం మనిషి. చీర ఒడిలో నాలుగు నూలు చిలపలున్నాయి.

"రామాయమ్మా, ఈసారైనా నా నూలు తీసుకోవే. దేశానికని వడికినాను."

"నీ నూలు వద్దని సెప్పినాను కదే. పుర్రసేత్తో తిప్పిన నూలు" అంది రామాయమ్మ, ముఖం తిప్పుకుని.

లోవలక్ష్మి మిషను దగ్గర నుంచి తల ఎత్తింది. "అప్పయమ్మత్తా, నీ రాట్నం ఎటు తిరుగుతాది?"

"నా సెయ్యి ఎటు తిరిగితే అటే. అందరూ ఇలగ కూకుంటే నానలగ కూకుంటాను. ఎడమకే తిరుగుతాది. నానేటి సెయ్యను, దేవుడు సెయ్యి అటెట్టినాడు."

లోవలక్ష్మి అరుగు మీంచి దూకింది. చిలప లాక్కుని పోగు తీసి వేళ్ల మధ్య నలిపి చూసింది. అవును! ఇంట్లో నూలుకి సరిగ్గా ఎదురు పురి.

"అమ్మా! ఇది నువ్వు కుడికే తిప్పి కలుపు. నీ సేతికి ఏ మైలా అంటదు. ఎడమకి తిరగవలసింది ఆవిడ ముందే తిప్పేసింది."

"ఆ నూలు నేను ముట్టను."

అప్పుడు అప్పయమ్మకి కోపమొచ్చింది. "ముట్టవా? ఈ సేత్తోనే కదే నీ మన్మథుణ్ణి బయటికి లాగినాను! అడ్డం తిరిగి కూకుంటే, నీ పానం పోతాదని అందరూ ఏడుస్తుంటే, కుడి సెయ్యి పెట్టమన్నావేటే అప్పుడు? ఈ గుంటనీ ఈ సేత్తోనే లాగినాను. మరి ఈళ్లిద్దరూ కాష్టం మీంచి లెగిసొచ్చినారేటి?"

రామాయమ్మ వీధికేసి ఓసారి చూసింది. తరవాత చెయ్యి చాచింది. "ఇలా ఇయ్యి. బేగి ఇయ్యి."

రెండు పోగులు కలిపి కుడికి తిప్పింది. లోవలక్ష్మి దారాన్ని పల్చటి గంజిలో ముంచి, ఆరాక నుసి లేవకుండా తేనెమైనం ముక్క మీదుగా లాగింది. వదులుగా వేలాడదీసింది. మెలిక పడలేదు.

మిషనుకి ఎక్కించింది. కొసలు పట్టుకుంది. నెమ్మదిగా చక్రం తిప్పింది. జానెడు. మూరెడు. చొక్కా భుజం నుంచి అంచు దాకా కుట్టు పడిపోయింది. బట్ట తిరగేసింది. అడుగున గూడు లేదు, సన్నటి గీత ఒకటే.

లోవలక్ష్మి లేచి వెళ్లి అప్పయమ్మ కాళ్ల మీద పడింది.

"ఓలమ్మా, లెగవే గుంటా! నీ బుజం మీద సూది గుచ్చుకునుంది, నా కాలికి దిగుతాది!"

"దిగనీ అత్తా. నా మిషను నిలబెట్టినావు."

"నానేటి సేసినాను? నా సెయ్యి అలగుంది, అంతే."

"అలగుండబట్టే" అంది లోవలక్ష్మి. ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది.

రాత్రీ పగలూ కుడితే చొక్కాలన్నీ తయారయ్యాయి. సభ రోజు చినబాబు బండి తోలుకొచ్చాడు. మన్మథరావు చొక్కా విప్పి, తిరగేసి కుట్టు చూపించాడు. చినబాబు గోరుతో గీకి చూశాడు, లాగి చూశాడు. తెగలేదు.

"నీ మాట నువ్వు నిలబెట్టుకో" అంది లోవలక్ష్మి. "బండి ఖాళీగా ఎల్తాదని బాధ పడకు. ఎద్దులకి సుకం."

సభల్లో దేశమాతకి వందనాలు, పెద్దలకి వందనాలు, వచ్చినవాళ్లకి వందనాలు చెబుతారు. పని చేసిన మనిషి పేరు మటుకు చెప్పరు. మన్మథరావు ఆ రోజు చెప్పాడు. "ఈ చొక్కాల దారం పుర్రచేతి అప్పయమ్మది. నన్ను భూమ్మీదికి తెచ్చిందీ ఆ చెయ్యే" అన్నాడు. జనం నవ్వారు. అతను నవ్వలేదు. పెద్దల మధ్య కుర్చీ ఖాళీ చేయించి, ఆవిడని తెచ్చి కూర్చోబెట్టే దాకా ఉపన్యాసం మొదలుపెట్టలేదు.

మర్నాడు పొద్దున్నే రామాయమ్మ ఒడి నిండా దూది ఏకులు పెట్టుకుని అప్పయమ్మ గుమ్మంలో నిలబడింది. ఆ ఇంటికి ఆవిడ రావడం అదే మొదలు.

"ఏటే ఇలగొచ్చినావు?"

"రావికమతం నుంచి కూడా సొక్కాలు కుట్టమని కబురొచ్చింది. నూలు కావాల. వడుకు."

"కుడిసేత్తో నేర్చుకోమంటావా యేటి, ఈ వయసులో?"

"నేర్చుకున్నావంటే ఊరుకోను" అంది రామాయమ్మ. ఏకులు ఆవిడ ఒళ్లో పోసి, పక్కనే చతికిలబడింది.