వెనక వచ్చిన పడవ

రేవు మెట్ల మీద కూర్చుని ఆమె తెరచాప అంచు కుడుతోంది. గాలి లేదు. నీళ్ళు నూనె పోసినట్టు నిగనిగలాడుతున్నాయి. అయినా ఎక్కడి నుంచో బరువైన అలలు ఒకటొకటిగా వచ్చి రాతిగోడను గుద్దుతున్నాయి. గాలి లేకుండా అల రావడం ఆమె భర్తకు నచ్చదు. పడవ నడపడంలో అతనికి వచ్చిన పేరంతా ఆగడం వల్ల వచ్చిందే. అతను తెరచాప ఎత్తాడంటే మిగతావాళ్ళు ఆకాశం వైపు తలెత్తి కూడా చూడరు.

పక్క పడవలోంచి వలలవాడు ఆమె భర్తను రోజూ అడిగినట్టే అడిగాడు. "ఏమంటావన్నా?"

"ఇవాళ వద్దు."

"అయితే నేను ఇంటికి పోయి పడుకుంటా," అని వలలవాడు వెళ్ళిపోయాడు.

"ఎన్నాళ్ళు బావా ఈ తపస్సు?" అంటూ ఆమె తమ్ముడు మెట్ల పక్కనున్న బల్లను కాలితో తన్నాడు. "అవతల దీవిలో నా పెళ్ళానికి నెలలు నిండాయి. నువ్వు బయల్దేరేలోపు నా కొడుకు నడిచొచ్చేస్తాడు."

"కూతురైతే నడవదా?" అన్నాడు భర్త, నీళ్ళ మీంచి చూపు తిప్పకుండా. "రేపు చూద్దాం."

"నువ్వైనా చెప్పవే అక్కా. అక్కడ అది ఒక్కతే ఉంది."

ఆమె దారం కొరికి ముడి వేసింది. మరదలికి తల్లి లేదు. పురిటి సమయానికి వేడినీళ్ళు కాచి ఇచ్చే దిక్కు కూడా లేదు. "కొంతదూరం వెళ్ళి చూద్దాం," అంది మెల్లగా. "బాగోకపోతే తిరిగొచ్చేద్దాం."

"అక్కాతమ్ముళ్ళు ఒకటయ్యాక నా మాట ఎవరిక్కావాలి!" అని భర్త నవ్వాడు. తాడు విప్పుతున్నంతసేపూ మాత్రం నీళ్ళ వైపే చూశాడు.

తెరచాప ఎత్తి, గాలి చాలక తెడ్లు కూడా వేసుకుంటూ పోయారు. దీవి కనుచూపుమేరలోకి వచ్చాక గాలి లేచింది. ముందు ఆమె చెవులకు చలి తగిలింది. ఆ వెంటనే నీళ్ళ మీద ఒక నల్లటి చార వాళ్ళ వైపు పరుగెత్తుకొచ్చింది. పడవ ఒక పక్కకు ఒరిగింది. అంచు మీదుగా నీళ్ళు లోపలికి దూకాయి. తమ్ముడు డబ్బాతో తోడుతున్నాడు. తోడేదానికంటే వచ్చేదే ఎక్కువ. పొద్దున తను వేసిన కుట్టు పోగు పోగుగా తెగిపోతుంటే ఆమె ఆ గుడ్డను రెండు చేతులతో కూడదీసి పట్టుకుంది.

"తిప్పేస్తున్నా! తలలు వంచండి!" భర్త అరిచాడు.

తమ్ముడు ఒక్కసారి దీవి వైపు చూశాడు. "తిప్పు బావా," అన్నాడు.

తిరిగి వస్తుంటే వానలో ఒక తెరచాప ఎదురైంది. దాని మూలన నీలం అతుకు ఉంది. అది వేసింది ఆమే. వలలవాడి పడవ నేరుగా సముద్రంలోకి పోతోంది.

"వద్దు! వెనక్కి రా!" ముగ్గురూ గొంతులు చించుకుని అరిచారు. భర్త లేచి నిలబడి తువ్వాలు ఊపాడు. అటు నుంచి వలలవాడు కూడా చెయ్యి ఊపాడు, దారిలో కనబడిన మనిషిని పలకరిస్తున్నట్టు. అంతలో మధ్యన వాన దట్టంగా దిగింది. భర్త అటే పడవ తిప్పబోయాడు. తెరచాప నిలువునా చిరిగింది. ఆ తర్వాత గాలి ఎటు తోస్తే అటే వచ్చి, ఎలాగో ఒడ్డున పడ్డారు.

రేవులో వలలవాడి భార్య తల మీద గోనెసంచి కప్పుకుని నిలబడి ఉంది.

"వచ్చేశారా వదినా! మావాడూ మీ వెనకే ఉన్నాడా? మీ తెరచాప కనబడగానే, ఆ మహానుభావుడే కదిలాక ఇంక భయమేంటి అంటూ తింటున్న కంచం ముందు నుంచి లేచిపోయాడు."

ఆమె వెనక్కి తిరిగి వాన వైపు చూసింది. భర్త అప్పటికే కట్టేసిన తాడును మళ్ళీ మళ్ళీ బిగిస్తున్నాడు.

తమ్ముడు తను పొద్దున తన్నిన బల్లను తెచ్చి గోడవారగా వేశాడు. దాని మీది నీళ్ళు అరచేత్తో తుడిచాడు.

"కూర్చో అక్కా," అన్నాడు వలలవాడి భార్యతో.

ఆవిడ కూర్చోలేదు.

"ఎందుకు వదినా కూర్చోమంటున్నాడు?" అంది.