ఉప్పు ఐసులో సూదిమందు

విశాఖ నుంచి వంజరం చేపనూ, భార్య గురమ్మ సూదిమందునూ ఒకే థర్మకోల్ పెట్టెలో పెట్టి కిరండూల్‌కు మోసుకొచ్చేది ఏలియానే. కొండలెక్కే ఆ రైల్లో రోజంతా చేప చెడకుండా ఐసులో ఉప్పు కలిపి దట్టించడం అక్కడి రైల్వే కాలనీలో ఉత్తరాంధ్ర వాళ్ళందరికీ తెలిసిన విద్య. ఆ విద్యలో ఏలియాను మించినవాడు లేడు. ఆ మాట ఎక్కువగా అనేదీ ఏలియానే.

మొగుడూ పెళ్ళాలిద్దరికీ సుగరూ ఉంది, ఒళ్ళూ ఉంది. వారానికోసారి పొట్టకు గుచ్చుకునే సూది ఇద్దరికీ రాశారు గానీ మందులు వేరు. తిన్నాక కడుపు నిండిందని చెప్పే హార్మోను ఒకటి పేగుల్లో పుడుతుంది. గురమ్మ వాడే సెమాగ్లూటైడ్ దాని పని చేస్తుంది. ఏలియా వాడే టిర్జెపటైడ్ దానితోపాటు మరో హార్మోను పని కూడా చేస్తుంది. చలికాలమంతా ఇద్దరూ పోటీలు పడి తగ్గారు. ఎండలు ముదిరాక ఏలియా తగ్గుతూనే ఉన్నాడు, గురమ్మ ఆగిపోయింది. సుగరు దిగితేనే ఆమె మోకాలికి ఆపరేషన్ అన్నారు డాక్టర్లు. అదేమో మళ్ళీ ఎక్కుతోంది.

"నాది డబల్ ఇంజిను, నీది సింగిల్. కొండ ఘాటెక్కాలంటే డబలుండాల మరి" అని ఏలియా మీసం దువ్వాడు.

గురమ్మ నవ్వలేదు. "మళ్ళీ ఆకలేస్తందండీ. మందేసుకున్నా నా తిండియావ చావలేదు. ప్రార్థనలో కూకుంటే సిగ్గుగుంటంది" అంది.

ఆ ఆదివారమే చర్చి విందుకు ఆమె వండింది. మటన్ కూర వాసనకు కాలనీ కాలనీయే దిగివచ్చింది. కుంటుకుంటూనే అందరికీ వడ్డించి, తాను మాత్రం గుప్పెడన్నం తిని చెయ్యి కడిగేసుకుంది. ఆకలితో ఉన్న మనిషి ఆ కూర ముందు నుంచి అలా లేచిందంటే మాటలు కాదు. నేనైతే గిన్నె నాకేసేవాణ్ణి అనుకున్నాడు ఏలియా.

మర్నాడు ఆమెను డాక్టర్ సుమన్ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆవిడది జగదల్‌పూర్, తెలుగు ఇక్కడి పేషెంట్ల దగ్గరే నేర్చుకుంది.

"ఈవిడికీ నా మందే రాసీండి డాక్టరమ్మా."

"సగటున మీ మందే ఎక్కువ తగ్గిస్తుంది, సహీ బాత్. కానీ ఆంటీకి చలికాలంలో ఆ మందే బాగా పనిచేసింది కదా అంకుల్‌జీ? తర్వాత ఏం మారింది? మందు ఎలా తెస్తున్నారు?"

ఏలియా ఛాతీ విరుచుకున్నాడు. "నాదేటుంది, టిఫిను సంచిలో చల్లనీళ్ళ సీసా పక్కన పడేస్తాను. ముందు ఈవిడిదీ అలగే తెచ్చేవోణ్ణి. ఎండలొచ్చాయి గదా, ఆడమనిషి మందు పాడైపోతాదని ఉప్పు ఐసులో పాతిపెట్టి తెస్తన్నాను. తీస్తే రాయే!"

డాక్టరు చేతిలో పెన్ను పక్కన పెట్టింది.

"ఉప్పు కలిపితే ఐసు ఇంకా చల్లబడి మందును గడ్డకట్టిస్తుంది. గడ్డకట్టిన మందు కరిగినా ఇక పనికిరాదు అంకుల్‌జీ. ఆంటీ ఇన్నాళ్ళూ గుచ్చుకున్నది మందు కాదు, ఖాళీ సూది అనుకోండి. దాంతోనే ఇంతమాత్రం నిలదొక్కుకున్నారు. శాబాష్ ఆంటీ! కొత్త మందు చిన్న డోసుతో మళ్ళీ మొదలుపెడదాం."

ఏలియా తల ఎత్తలేదు. ఎక్కువ ప్రేమ చూపించిన చోటే ఐసు ఎక్కువైంది.

గురమ్మ ఒకటే అడిగింది. "అయితే ఆ ఆకలి నా పాపం కాదా అమ్మా?"

"ఆకలి జబ్బులో భాగం ఆంటీ. పాపం ఎందుకవుతుంది?"

మోకాలి నొప్పికి ఏనాడూ ఏడవని గురమ్మ అప్పుడు ఏడ్చింది.

ఇంటికొచ్చాక వంజరం పులుసు ఏలియానే వడ్డించాడు. ఆమె కంచం చూసి "ఇంకా ఎంత తింటావే" అనడం అతనికి పెళ్ళినాటి నుంచీ అలవాటు. ఆ మాట నోటిదాకా కూడా రాలేదు. పెద్ద ముక్క ఆమె కంచంలో వేసి పక్కనే కూర్చున్నాడు.

గురమ్మ ఎవరి ముఖమూ చూడకుండా, తీరిగ్గా, కడుపునిండా తింది.