పేరున్న చందన

విశాఖపట్నంలో చందనను చూశానని ప్రకాష్ చెప్పిన ఆ రోజు, చందన పలాస దాటి ఎటూ వెళ్ళలేదు.

ప్రకాష్ ఆమెకు మేనమామ కొడుకు. డొంకూరు వాడు. విశాఖ హార్బరులో మరబోటు మీద పని. వానలకు బోటు కట్టేస్తే, ఇంటికి పోతూ దారిలో మేనత్త నూకమ్మను చూద్దామని అక్కుపల్లిలో దిగాడు. చేతిలో హల్వా పొట్లం అలా ఉండగానే చందన మీద విరుచుకుపడ్డాడు.

"ఏటే, అంత పెద్దదానివైపోనావా? పిలిత్తే పలకవేటి?"

"ఎప్పుడు పిలిసినావు బావా?"

"మొన్న లచ్చివారం. బీచి రోడ్డులోన. నల్లకోటు ఏసుకున్నావు, మెడలోన కార్డు. నాను అరిసినాను. నాకేసి సూసి నవ్వినావు. ఆ నవ్వు అలగే పెట్టుకోని ఎల్లిపోనావు."

"లచ్చివారం నాను మిల్లులోన ఉన్నాను బావా."

గడపలో కూర్చుని చేపలు కోస్తున్న నూకమ్మ తల ఎత్తింది. చందన గమనించింది. తల్లి ముఖంలో ఆశ్చర్యం లేదు, వెలుగు ఉంది. "నువ్వేనేమోనే," అంది నూకమ్మ, ఎవరో కాదు కదా అన్నట్టు తేలిగ్గా.

నల్లకోటు సంగతి చందనకు తెలుసు. అది ఆమెది కాదు, ఫొటో కోసం ఒక్క పూట అరువుకు వేసుకున్నది. టెక్కలి దాటాక హైవే పక్కన జీడితోటలు కొట్టేసి కట్టిన పూర్వసాగర యూనివర్సిటీలో ఆమె చదువుకుంది. తండ్రి ఢిల్లీరావు వేటకు పోయే మనిషి. కూతురు చదివేది ఏ కోర్సో చెప్పలేకపోయేవాడు గానీ, ఆ యూనివర్సిటీ పేరు మాత్రం ఒక్క అక్షరం పొల్లుపోకుండా పలికేవాడు. ఆ పేరు పలికిన రోజున రేవులో అతన్ని ముందుగా పలకరించేవారు.

చదువు చెప్పలేదనడానికి లేదు. విజయకుమారి మేడం చెప్పిన పాఠాలు చందనకు నిద్రలో లేపి అడిగినా వస్తాయి. కానీ విజయకుమారి మేడం ఎవరని ఊళ్ళో ఒక్కరూ అడగలేదు. ఆ మేడం ఎప్పుడో మానేసి వెళ్ళిపోయిందని కూడా ఎవరికీ తెలియదు. చివరి ఏడాది ఏదో విదేశీ కంపెనీ వచ్చి చందనను తీసుకుంటానంది. మర్నాడే ఫొటో తీశారు. వారం తిరక్కుండా పలాసను ఆనుకున్న కాశీబుగ్గ దగ్గర హైవే మీద, తాటిచెట్టంత ఎత్తున ఫ్లెక్సీలో, 'అక్కుపల్లి తీరం నుంచి ప్రపంచం అంచులకు' అన్న అక్షరాల కింద ఆమె నవ్వుతూ నిలబడింది. కంపెనీ మాత్రం చేరే తేదీని వెనక్కి జరుపుతూ జరుపుతూ చివరికి ఫోనే ఎత్తడం మానేసింది. ఆ సంగతి యూనివర్సిటీకి చెబితే, "కంగారు పడకండి" అన్నారు. ఫ్లెక్సీ దించలేదు. ఎండకు వెలిసిన ప్రతిసారీ కొత్తది కట్టారు.

ఇప్పుడామె కాశీబుగ్గలో జగదీశ్వరరావు గారి జీడిపప్పు మిల్లులో గ్రేడింగు చూస్తోంది. ఆ ఉద్యోగం కూడా ఒక రకంగా ఫ్లెక్సీయే ఇచ్చింది. "అంత పేరున్న పిల్ల నా మిల్లులో ఉంటే, నాకూ పేరే కదమ్మా," అన్నాడాయన.

ప్రకాష్ వెళ్ళిపోయాక హల్వా తింటూ చందన తనకు తానే సర్దిచెప్పుకుంది. మనిషిని పోలిన మనుషులుంటారు. బావకు కళ్ళు చెదిరి ఉంటాయి.

రెండు రోజులకు అమ్ములు ఫోన్ చేసింది. అమ్ములు ప్రకాష్ చెల్లెలు, ఈ ఏడే ఇంటర్ గట్టెక్కింది.

"వదినా, నిన్న నువ్వు సెప్పినాక నాకు ధైర్యం వచ్చీసింది. శ్రీకాకుళం సర్కారు కాలేజీ సీటు ఒగ్గేత్తన్నాను. రేపు పూర్వసాగరలో జాయినైపోతాను."

చందన చేతిలోని జీడిపప్పు బల్ల మీద రాలింది. "నిన్న నాను నీకు ఫోన్ సెయ్యనేదు అమ్ములూ."

"ఎలాకోలం ఆడకు వదినా. నీ గొంతు నాకు తెల్దా? మనిద్దరం మావయ్య పడవెక్కి, అలకి భయమేసి ఏడిసినాం కదా, అది కూడా సెప్పి నవ్వినావు."

ఆ పడవ సంగతి ఇద్దరికే తెలుసు. కొడతారని ఎవరికీ చెప్పుకోలేదు. చందన బల్ల దగ్గర్నుంచి లేచి నిలబడింది. "జాయినవ్వకు. నాను వచ్చీదాకా ఆగు," అంది. అటు నుంచి అమ్ములు నవ్వు వినిపించింది. "నిన్న రమ్మన్నావు, ఇయ్యాల వద్దంతన్నావు. నీకేటైనాది వదినా?"

మర్నాడు చందన సెలవు పెట్టి టెక్కలి బస్సెక్కింది. ముసురు పట్టి ఉంది. కాశీబుగ్గ దాటేటప్పుడు ఆమె కావాలనే తల వంచుకు కూర్చుంది. అయినా ఎవరో పైనుంచి తననే చూస్తున్నట్టు మెడ మీద బరువుగా అనిపించింది.

యూనివర్సిటీ హాలు తల్లిదండ్రులతో కిటకిటలాడుతోంది. ఇచ్ఛాపురం నుంచి వచ్చినవాళ్ళు ఒడియాలో మాట్లాడుకుంటున్నారు. పిల్లలు కొత్త బట్టల్లో బిగుసుకుని ఉన్నారు. గోడంత తెర మీద నల్లకోటు వేసుకున్న చందన మాట్లాడుతోంది.

చందన గుమ్మంలోనే ఆగిపోయింది. ఆమెతో ఎవరూ ఏ వీడియో తియ్యలేదు. ఫొటోలకు మాటలు అతికించే మాయ ఈ మధ్య ఎవరికైనా చేతనవుతుందని ఆమెకు తెలుసు. కానీ తెర మీది మనిషి అక్కుపల్లి యాసలో, తన తల్లి పేరు చెప్పి, తాను చిన్నప్పుడు ఎండుచేపల దగ్గర కాకుల్ని తోలిన మాట చెబుతోంది. ఇంతకంటే వింత, ఆ మాటలు వింటుంటే చందనకు కూడా ఆ యూనివర్సిటీలో చేరాలనిపించింది.

అడ్మిషన్లు చూసే గౌరీశంకర్ ఎదురొచ్చాడు. మంచి మనిషిలాగే ఉన్నాడు. "చెప్పండమ్మా. ఏ కోర్సు కోసం వచ్చారు?"

"ఆ తెర మీద ఉన్నది నేనండి. నా పేరు చందన."

అతను తెరకేసి చూశాడు, ఆమెకేసి చూశాడు. ఆమె తడిసిన చున్నీని, జీడిసొనకు నల్లబడ్డ వేళ్ళ కొసల్ని చూశాడు. "చెల్లెలా? పోలిక బాగా ఉందమ్మా. చందన గారు పొద్దున్నే వచ్చి వెళ్ళారు. ప్రతి ఏడూ వస్తారు, ఎంత పెద్ద స్థాయిలో ఉన్నా మమ్మల్ని మరిచిపోరు."

"నేను రాలేదండీ. నాకా ఉద్యోగం రానేలేదు."

ఆమె గొంతు అనుకున్నదానికంటే పైకి లేచింది. హాలు మొత్తం వెనక్కి తిరిగింది. ఇక దాచి ఏం లాభమని చందన అందరికీ వినపడేలా చెప్పింది. ఉద్యోగం రాలేదు, కాశీబుగ్గ మిల్లులో పని చేస్తున్నాను, ఇక్కడ మంచి పాఠాలు విన్నాను గానీ ఆ ఫ్లెక్సీ మీది మాట అబద్ధం అని.

ఆమె చెబుతున్నంతసేపూ తెర మీది చందన నోరు మూసుకుంది. వీడియో ఆపారనుకుంది చందన. కానీ గౌరీశంకర్ రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయి. కంప్యూటర్ దగ్గర కుర్చీలో ఎవరూ లేరు. తెర మీది మనిషి కళ్ళు ఆర్పుతూ, తల కాస్త పక్కకు వంచి, వింటోంది.

ముందు వరసలోని పెద్దాయన మెల్లిగా అన్నాడు. "ఒకరి పేరు చూసి ఓర్వలేకపోవడం మంచిది కాదమ్మా." చుట్టుపక్కల తలలు ఊగాయి. తెర మీద మళ్ళీ మాటలు మొదలయ్యాయి.

అమ్ములు మూల నుంచి లేచి వచ్చింది. చందన చెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకెళ్ళింది. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళున్నాయి.

"నువ్వు సెప్పీది నిజమే అయ్యుంతాది వదినా. కానీ నాను ఆవిడినే నమ్ముతాను."

"ఆవిడంటూ ఎవులూ నేరే!"

"ఉంది వదినా. మా ఊరోళ్ళందరికీ ఆవిడే తెలుసు. సర్కారు కాలేజీలో సేరితే నన్నెవులు అడుగుతారు? ఇక్కడ సేరతానంటేనే మా నాన నలుగురికి సెప్పుకున్నాడు. తరవాత మిల్లులోనే పని సేత్తానేమో. ఈ మూడేళ్ళయినా ఆవిడిలాగ ఉండనీ నన్ను."

అని లోపలికి వెళ్ళిపోయింది. చందన ఆపలేదు. తాను ఆ వయసులో వినేదా అని ఆలోచించుకుని, వినేది కాదని ఒప్పుకుంది.

ఆమె అక్కుపల్లి చేరేసరికి వాన వెలిసి, సరుగుడు తోటల మీద పల్చటి ఎండ పడుతోంది. ఇంట్లో నూకమ్మ నవ్వుతూ ఫోన్‌లో మాట్లాడుతోంది. గుమ్మంలో కూతురిని చూసి, ఉండమన్నట్టు చెయ్యి ఎత్తింది.

"ఉండుండు. చందన ఫోన్ సేసినాది."

చందన గడప దాటి లోపలికి వచ్చింది. "అమ్మా, నాను..." అనబోయింది. నూకమ్మ ఆమె కేసి చూసింది. ఎవరో తెలియని చూపు కాదది. ఎవరో తెలిసీ, కాసేపు తెలియనట్టు ఉండనిమ్మని బతిమాలే చూపు.

చందన దగ్గరికెళ్ళి ఫోన్ తీసుకుని చెవికి ఆనించింది. అటువైపు ఊపిరి వినబడింది.

"ఎవులు నువ్వు?"

"చందనని," అంది తన గొంతే. హాలులో విన్న గొంతులా లేదు, అలసిపోయి ఉంది. "నువ్వు మాట్లాడినదంతా ఇన్నాను. అడ్డు రానేదు సూడు."

"ఎక్కడున్నావు?"

"తెల్దు. ఎవులెవులో వత్తన్నారు, సూత్తన్నారు. నన్ను కూకోనివ్వడం నేదు. నోరు నొప్పెడతంది, నవ్వు ఆపనివ్వడం నేదు." ఆ వెంటే అడిగింది. "నానూ ఇంటికి వచ్చీయనా?"

చందనకు భయం వేసింది. దానికంటే ఎక్కువగా జాలి వేసింది. చిన్నప్పుడు అలకు జడిసి పడవలో ఏడ్చినప్పుడు తన గొంతు ఇలాగే ఉండి ఉంటుంది. తల్లి కళ్ళప్పగించి చూస్తోంది.

"రా," అంది చందన.

ఫోన్ ఆగిపోయింది. ఆ తరువాత ప్రకాష్ మళ్ళీ ఆ నల్లకోటు చందనను విశాఖలో చూడలేదు. డొంకూరికి ఫోన్లు రాలేదు. హాలులో తెర పాడైందని, ఎంత బాగుచేసినా ఖాళీ గోడే కనిపిస్తోందని అమ్ములు చెప్పింది. చందన రేవులో అడిగినవాళ్ళందరికీ ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. కొందరు చిన్నచూపు చూశారు. ఢిల్లీరావు కొన్నాళ్ళు రేవులో ఎవరి దగ్గరా నిలవకుండా తిరిగి, ఒక పొద్దున తానే కూతురిని సైకిల్ మీద బస్సు దాకా దిగబెట్టాడు.

ఒక సెలవు రోజున, మధ్యాహ్నం సముద్రం ఒడ్డు నుంచి వచ్చి చందన వంటింట్లో పీట వాల్చుకుంది.

"ఆకలేత్తంది, కూడు ఎట్టమ్మా."

నూకమ్మ కుండ మీద మూత తియ్యబోయి ఆగింది. "మళ్ళీ ఏటే? ఇప్పుడే కదా తినేసి లేసినావు?"

తూము దగ్గర ఒక కంచం అప్పుడే కడిగి బోర్లించి ఉంది. దాని అంచు నుంచి నీటి చుక్కలు ఇంకా రాలుతున్నాయి. పక్కగదిలో చాప మీద ఎవరో అటు తిరిగి పడుకున్నట్టు, నిండు నిద్రలో ఉన్న ఊపిరి నిదానంగా వినబడుతోంది.

చందన అటు తొంగిచూడలేదు. కంచం ముందుకు జరుపుకుంది.

"మళ్ళీ ఎట్టమ్మా," అంది గొంతు తగ్గించి. "గట్టిగా అనకు. పడుకోనీ."