మేధానిధి డబ్బా

విమానాశ్రయం వచ్చాక శంషాబాద్‌లో ఇంటర్నేషనల్ కానిది ఏదీ మిగల్లేదు. పంక్చర్ దుకాణం ఇంటర్నేషనల్ అయింది, టిఫిన్ సెంటర్ ఇంటర్నేషనల్ అయింది. పన్నెండేళ్లు రేకుల షెడ్లలో నడిచిన శారదా విద్యానికేతన్ ముందువైపు నీలం అద్దాలు బిగించుకుని గగన్ ఇంటర్నేషనల్ హైస్కూల్ అయి కూర్చుంది. లోపల పాఠాలు చెప్పేవాళ్లు వాళ్లే, మూత్రశాలల వాసన అదే. లైబ్రరీ చూసే భాగ్యలక్ష్మి కూడా ఆమే.

భాగ్యలక్ష్మికి నలభై దాటాయి. పక్క ఊరి రైతుబిడ్డ. పెళ్లయ్యాక పట్టుబట్టి దూరవిద్యలో లైబ్రరీ సైన్స్ చదివింది. స్కూల్లో ఆమెకు నోటిదురుసు అని పేరు. నిజానికి ఆమె ఎవరినీ పెద్దగా ఏమీ అనేది కాదు, చూసేది. ఆ చూపు తట్టుకోలేనివాళ్లు ఆమె ఏదో అన్నట్టుగా చెప్పుకునేవాళ్లు.

2011 జూలైలో ఒకనాడు కరస్పాండెంట్ మల్లేశ్వర్ ఆమెను పిలిపించి బల్ల మీద రెండు డబ్బాలు పెట్టాడు. భూములకు రేట్లు వచ్చిన రోజుల్లో నాలుగెకరాలు అమ్మి స్కూలు కొన్న మనిషి. అతను పుస్తకం తెరవడం ఆమె ఎన్నడూ చూడలేదు.

"భాగ్యక్కా, ఇవి కంప్యూటర్ల వేసుకునే ఎన్‌సైక్లోపీడియాలు. లోకంల ఉన్న చదువంత గిండ్లనే ఉంటది. ప్రతి ఇంటికొకటి కొనిపిద్దామనుకుంటున్న. రెండూ చూసి ఏది మంచిదో నువ్వు రాసియ్యాలె."

"వారం టైమియ్యున్రి సార్. రెండూ చూసి రాస్త."

"వారమెందుకు? రాసే ఉన్నది. సంతకం పెడితే అయిపాయె."

కాగితం ఆమె వైపు తోశాడు. రెండింటినీ క్షుణ్ణంగా పరిశీలించిన మీదట విద్యార్థులకూ కుటుంబాలకూ 'మేధానిధి' అన్ని విధాలా శ్రేష్ఠమని తేలిందట. కింద విద్యా సలహాదారు సూర్యప్రకాశరావు గారి సంతకం వంకీలు తిరిగి ఉంది. దాని పక్కన భాగ్యలక్ష్మి కోసం చుక్కల గీత.

పెళ్లి ముహూర్తం పెట్టేసి పిల్లను చూసిరమ్మన్నట్టుంది అనుకుంది ఆమె. డబ్బాలు రెండూ చంకన పెట్టుకుని బయటికి వచ్చింది.

తెలియని సంగతి అడిగితే ఏ పుస్తకమైనా పండితుడిలాగే కనిపిస్తుంది. తెలిసిన సంగతి అడిగితేనే దాని బండారం బయటపడుతుంది. కొత్త అట్లాసు వచ్చినా, కొత్త నిఘంటువు వచ్చినా ఆమె చేసే మొదటి పని అదే. రెండు రోజులు బడి వదిలాక కంప్యూటర్ గదిలో కూర్చుని అదే చేసింది.

మొదటిది పరదేశపు సరుకు. పేరు వరల్డ్ విండో. దాని లెక్కన హైదరాబాద్ విమానాశ్రయం ఇంకా బేగంపేటలోనే ఉంది. మన దేశం మొత్తానికీ ఏదో చిన్న దీవికిచ్చినంత జాగా ఇచ్చి సరిపెట్టారు. ఆ ఇంగ్లీషు ఎనిమిదో తరగతి పిల్లలకు కొరుకుడుపడదు. కానీ రాసిన మటుకు సరిగ్గా రాశారు. ప్రతి వ్యాసం కిందా రాసినవాడి పేరు ఉంది.

రెండోది మేధానిధి, అమీర్‌పేటలో తయారైంది. డిస్కు వేయగానే వీణ మోగింది. ఒక ఆడగొంతు నమస్కారం పెట్టి, నేను మీ మేధను అంది. నీలిరంగు నీళ్లలోంచి తిమింగలం ఎగిరి దూకింది. ఆ వైభవం అక్కడితో సరి. లోపలి పేజీల్లో గీత గీసిన మాటలను నొక్కితే ఏమీ తెరుచుకోలేదు. 'కుడివైపు బొమ్మ చూడండి' అని ఉన్నచోట కుడివైపు ఖాళీగా ఉంది. ఆమె గుండె గురించి వెతికింది. తండ్రికి గుండె ఆపరేషన్ అయినప్పుడు నెల రోజులు దవాఖానలో ఉండి, డాక్టర్లను విసిగించి మరీ తెలుసుకున్న సంగతి అది. ఇంగ్లీషులో ఇలా ఉంది: గుండెకు నాలుగు గదులుంటాయి. ప్రదీప్ ఒక గాడిద. శరీరంలోని చెడు రక్తం కుడి కర్ణికలోకి వచ్చి చేరుతుంది.

రెండుసార్లు చదివింది. కళ్లద్దాలు తుడుచుకుని మూడోసారి చదివింది. ప్రదీప్ గాడిదగానే ఉన్నాడు.

ఆఫీసు కంప్యూటర్‌కు ఇంటర్నెట్ ఉంది. వెళ్లి చూసింది. ఎవరైనా రాయగలిగిన, ఎవరైనా దిద్దగలిగిన, ఊరికే దొరికే విజ్ఞాన సర్వస్వంలో అవే వాక్యాలు అక్షరం పొల్లుపోకుండా ఉన్నాయి. ప్రదీప్ మాత్రం లేడు. ఎవడో కొంటె కుర్రాడు స్నేహితుడి మీద కోపంతో రాసి ఉంటాడు, ఇంకెవరో వచ్చి తుడిచేసి ఉంటారు. సరిగ్గా ఆ మధ్యలో మేధానిధి వాళ్లు వచ్చి మొత్తం తోడుకుపోయారు. అక్కడ ఆ ప్రదీప్ ఏ అరగంటో గాడిదగా ఉన్నాడు. ఇక్కడ డిస్కు ఉన్నన్నాళ్లూ ఉంటాడు.

నవ్వొచ్చింది, వెనకనే ఒళ్లు మండింది. ఊరికే ఇచ్చినదాన్ని తమ పేరేసి అమ్ముకోవడం సరే, కనీసం ఒకసారి చదవనైనా లేదు. దొంగతనం కూడా సోమరిపోతుల్లా చేశారు.

శుక్రవారం సూర్యప్రకాశరావు వచ్చే రోజు. గుంటూరు వైపు ఏదో కాలేజీలో ప్రిన్సిపాల్‌గా రిటైరై, ఎయిర్‌పోర్టు రోడ్డు మీద అపార్ట్‌మెంట్ కొనుక్కుని స్థిరపడిన పెద్దమనిషి. స్కూల్లో ఏసీ ఉన్న రెండు గదుల్లో ఒకటి ఆయనది. భాగ్యలక్ష్మి వెళ్లి సంగతి చెప్పబోయింది.

"చూడండి భాగ్యలక్ష్మి గారూ, నేను ముప్పై నాలుగేళ్లు భౌతికశాస్త్రం బోధించినవాణ్ణి. పుస్తకం తాలూకు మంచిచెడ్డలు నాకు ఇంకొకరు చెప్పాల్సిన అవసరం లేదండి."

"గుండె పేజీ చూసిన్రా సార్?"

"అన్నీ చూశాను. చాలా శాస్త్రీయంగా ఉంది."

ఆయనకిచ్చిన మేధానిధి డబ్బా బల్ల మీదే, కళ్లజోడు పెట్టె కింద ఉంది. దాని మీది ప్లాస్టిక్ కాగితం ఇంకా చింపలేదు. భాగ్యలక్ష్మి డబ్బాను చూసింది, ఆయన్ను చూసింది. ఆయన నెమ్మదిగా పేపరు దాని మీదికి జరిపాడు.

"మంచిది సార్," అని బయటికి వచ్చేసింది. మల్లేశ్వర్‌కు చదువు లేదు, ఆ సంగతి దాచుకోడు కూడా. ఈయన చదువుకుని, చదువును శాలువాలా కప్పుకుని, చదవడం మానేసినవాడు. ఇద్దరిలో ఈయనే హీనమని ఆమెకు తోచింది.

శనివారం మల్లేశ్వర్ సంతకం సంగతి అడిగాడు. "రేపు పేరెంట్స్ మీటింగ్ల చేస్త సార్, అందరి ముంగట," అంది. అతను మురిసిపోయాడు.

ఆదివారం మేడమీద రేకుల కింద తల్లిదండ్రులంతా పిల్లలతో చేరారు. టాక్సీలు నడిపేవాళ్లు, కార్గోలో పనిచేసేవాళ్లు, పొలాలు అమ్ముకుని ఇళ్లు కట్టుకున్నవాళ్లు, కొత్తగా ఫ్లాట్లు కొన్న ఉద్యోగస్థులు. కంపెనీ తరఫున ఫణి అనే యువకుడు టై కట్టుకుని తెర ముందు నిలబడ్డాడు. పదినిమిషాలకో విమానం నెత్తిమీదుగా పోతోంది. పోయినప్పుడల్లా అతను నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఆగి, మోత తగ్గాక ఆ మాట దగ్గరే అందుకుంటున్నాడు.

తిమింగలం దూకింది. జనం ఆహా అన్నారు. వెనక వరసవాళ్లు మళ్లీ వేయమన్నారు. ఫణి మళ్లీ వేశాడు, మళ్లీ చప్పట్లు. మన పిల్లల పాఠాలు దీంట్లో ఉన్నాయా అని ఒక్కరూ అడగలేదు. ఈ చప్పట్ల కోసమా నేను ఉద్యోగం మీదికి తెచ్చుకుంటున్నది అని భాగ్యలక్ష్మికి విసుగు పుట్టింది. అయినా లేచింది.

"ఎనిమిదో తరగతిల గుండె పాఠమున్నది. జర అది తెరువున్రి. సింధూరా, ఇటు రా బిడ్డా, గట్టిగ చదువు."

సింధూర మంఖాల్ అనే ఊరి నుంచి వచ్చే పిల్ల. తాత కుర్మయ్య పక్కనుంచి లేచి వెళ్లి ఇంగ్లీషు వాక్యం ఒకటి చదివి ఆగింది. "మేడం, ఇక్కడ..."

"ఉన్నదున్నట్టు చదువు."

చదివింది. ముందు వరసలో ఒకరిద్దరు ముఖాలు చూసుకున్నారు. కుర్మయ్య గొంతెత్తాడు. "ఏందే, ఏమంటున్నది?"

"ప్రదీప్ అనేటోడు గాడిదంట తాతా."

మేడంతా గొల్లుమంది. తొమ్మిదో తరగతిలో ఒక ప్రదీప్ ఉన్నాడు, పక్కవాళ్లు వాడి వీపు మీద నాలుగు వేశారు. ఫణి ముఖం కందగడ్డ అయింది.

"అది చిన్న టెక్నికల్ ప్రాబ్లం అండి. నెక్స్ట్ వెర్షన్లో సరిచేసేస్తాం."

"డిస్కు మీద అచ్చయిపోయినంక ఇంటింటికొచ్చి ఎవరు దిద్దుతరు బాబూ?" అంది భాగ్యలక్ష్మి. ఇంటర్నెట్‌లో చూసిందంతా నాలుగు ముక్కల్లో చెప్పింది.

మల్లేశ్వర్ పళ్లు బిగించి నవ్వాడు. "ఒక్క లైనుకు గింత లొల్లి ఎందుకక్కా?"

"ఒక్క పేజీ తెరిస్తే ఒక్కటి దొరికింది సార్. మిగిలినయి మీల ఎవరన్న చదివిన్రా?"

ముందు వరసలోంచి సూర్యప్రకాశరావు లేచి గొంతు సవరించుకున్నాడు.

"నా సంతకం వెనక్కి తీసుకుంటున్నానండి. నాకు పరిశీలనకు ఇచ్చిన ప్రతి వేరు. అందులో ఈ దోషం లేదు."

అందరి ముందూ ఎంత నిబ్బరంగా చెప్పాడో! ప్లాస్టిక్ కాగితం సంగతి భాగ్యలక్ష్మి నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆయన మాటతో బేరం చెడింది. ఆ అబద్ధం తనకు పనికొచ్చింది కాబట్టి ఊరుకుంది. ఊరుకున్నందుకు తన మీద తనకే ఏవగింపు కలిగింది. ఆయన తన పేరొక్కటీ కాపాడుకుని, ఎవరి వంకా చూడకుండా మెట్లు దిగి వెళ్లిపోయాడు.

"ఇదంత సరే బిడ్డా," అన్నాడు కుర్మయ్య. "మరి మేమేది కొనాలె?"

ఆ రోజు మొత్తంలో అడగదగిన ప్రశ్న అదొక్కటే అనిపించి ఆమె ఓపిగ్గా చెప్పింది. "ఇంట్ల ఇంటర్నెట్ ఉన్నోళ్లు ఏదీ కొనొద్దు బాపూ, ఊరికే దొరుకుతది. లేనోళ్ల కోసం ఆ పరదేశపుది లైబ్రరీల ఒక్కటుంటె సాలు. పాతదే గని నికరమైంది. ఏది చూసినా ఇంకోచోట కూడ చూడాలె. పిల్లలకు నేర్పాల్సింది అదే."

తలలు ఊపారు. ఊపిన తలల్లో పద్నాలుగు, మీటింగ్ అయ్యాక మెట్ల కింద ఫణి చుట్టూ మూగి మేధానిధి కొనుక్కున్నాయి. టాక్సీ నడిపే గోవర్ధన్ డబ్బా చంకలో పెట్టుకుని ఆమెకు ఎదురుపడ్డాడు.

"మాట్లాడుతది కదక్కా. ఇంటికొచ్చినోళ్లకు చూపెట్టుకోవచ్చు."

ఆమె చూసింది. అతను తలగోక్కుంటూ తప్పుకున్నాడు.

సోమవారం మల్లేశ్వర్ లైబ్రరీ తాళాలు తీసుకుని ఆమెను యూనిఫాంల గదికి మార్చాడు. తీసేయడానికి ధైర్యం చాలలేదు, నలుగురు తండ్రులు అడుగుతారని భయం. బూట్లూ టైలూ సర్దుకుంటూ ఆమె ఆ ఏడాదంతా అక్కడే ఉంది. లైబ్రరీ గదిని అడ్మిషన్ల ఆఫీసు చేశారు. సూర్యప్రకాశరావు ఎప్పటిలాగే మంగళవారం, శుక్రవారం వస్తూనే ఉన్నాడు. ఎదురైనప్పుడు ఆయనే ముందుగా నమస్కారం పెట్టేవాడు, ఆమె తల తిప్పుకునేది.

దసరా సెలవుల తర్వాత ఒక మధ్యాహ్నం కుర్మయ్య, సింధూర ఆ గదికి వచ్చారు. కొడుకు ఇంట్లో ఇంటర్నెట్ పెట్టించాడట. ఊరికే దొరికే ఆ సర్వస్వంలో తెలుగులో మంఖాల్ గురించి రెండే ముక్కలున్నాయని సింధూర చూసింది. తాత చెబుతుంటే ఊరి చెరువులు, పంటలు, పాత బావి గురించి పేజీడు రాసింది. బావి తన ముత్తాత తవ్వించాడని, ఏ కరువులోనూ ఎండలేదని కుర్మయ్య రాయించాడు. తెల్లారేసరికి ఎవరో ఆ బావి ముక్క తీసేశారు. ఆధారం చూపించి మళ్లీ రాయమన్నారు.

కుర్మయ్య మండిపడుతున్నాడు. "వాడెవడు బిడ్డా నన్నడిగేటోడు? నా ముత్తాత బాయికి నేను కాకపోతే ఇంకెవడు సాక్షి?"

భాగ్యలక్ష్మి చేతిలోని బూట్ల జత పక్కన పెట్టింది. మూడు నెలల తర్వాత ఆమెకు ఒక మనిషి మీద గౌరవం కలిగింది, ఆ తీసేసినవాడెవరో ఆమెకు తెలియకపోయినా.

"వాడు అడిగింది కరెక్టే బాపూ. నువ్వు చెప్పినవని నమ్మితే రేపు ఇంకొకడు చెప్పింది కూడ నమ్మాలె. కాయితమేమన్న ఉందా?"

"కాయితమా!" కుర్మయ్య చాలాసేపు గొణిగాడు. తర్వాత కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. "పాత పహాణీల, గా భూముల లెక్కల పుస్తకంల, బాయి రాసి ఉంటది. మహేశ్వరం మండలాఫీసుల అడగాలె. నువ్వు గూడ రా బిడ్డా, వాళ్లు నా మాట ఇనరు."

ఆమె గదికి తాళం వేసి, తాళంచెవి మల్లేశ్వర్ బల్ల మీద పడేసి, సెలవు చీటీ కూడా రాయకుండా వాళ్లతో బస్టాపుకు నడిచింది.